విండ్సర్ బేరిచెట్టు, కడియం కత్తి

కెనడా దాకా వెళ్ళి నయాగరా చూడకుండా తిరిగొచ్చిన తెలుగుదాన్ని నేనొక్కదాన్నేనని మా చెల్లెలు రమ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. నీళ్ళు పైనుంచి కిందకి పడటం చూడ్డానికి టికెట్టు ఎందుకన్నది నా వాదన. నేను ఒక చెట్టుని చూడ్డానికి వెళ్ళాను. చూసి ఊరుకుంటే బాగుండేది, వేలు కూడా పెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మార్కమ్: కత్తి గురించి గొడవ

నేను హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పుట్టింది మాత్రం కడియం దగ్గర, నర్సరీ ఇంట్లో. అక్షరాలు దిద్దడం కన్నా ముందు మామిడి అంటు కట్టడం చూశాను. ఎప్పటినుంచో మిగిలిపోయిన సెలవులన్నీ పోగుచేసుకుని, మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న రమ దగ్గరికి ఆగస్టులో నాలుగు వారాల కోసం వెళ్ళాను. మన ఊళ్ళ పిల్లలు విమానాలకి విమానాలు నింపుకుని కెనడాకి చదువులకి వెళ్తున్న సంవత్సరాలవి. నేనెక్కిన విమానంలో కూడా నా చుట్టూ ఆవకాయ సీసాల పిల్లలే.

రెండోరోజే ఫోనొచ్చింది.

"మేడమ్, నేను మౌనిక. జగిత్యాల. మూడో బెంచి. గుర్తున్ననా?"

గుర్తులేకేం. ప్రాక్టికల్ పరీక్షలో అంటు కట్టమంటే, నేను చూస్తుండగానే ఆ పిల్ల కట్టిన కొమ్మ ఊడి కిందపడింది. పదికి నాలుగు వేశాను. ఆ నాలుగూ ఏడుస్తుందని వేశాను.

ఇప్పుడు అమెరికా సరిహద్దు నది ఒడ్డునున్న విండ్సర్‌లో చదువుతోంది. వారంలో మూడు రోజులు కాఫీ దుకాణంలో పని. ఐరీన్ అనే పెద్దావిడ ఇంట్లో మేడమీద మరో ఇద్దరు అమ్మాయిలతో అద్దెకుంటోంది. ఐరీన్‌కి ఎనభై దాటాయి, ఇల్లు అమ్మేసింది. అక్టోబరులో కొన్నాయన చేతికి వెళ్తుంది. ఆయన ఆ ఇల్లు పడగొట్టి విద్యార్థుల కోసం గదులు గదులుగా పెద్దది కడతాడట. పెరట్లో ఉన్న ముసలి పియర్ చెట్టు కూడా పోతుంది. ఫ్రెంచివాళ్ళు ఆ నది ఒడ్డుకొచ్చి నాటిన చెట్ల సంతతి అది. ఆ వీధిలో అలాంటిది అదొక్కటే మిగిలింది.

"దానికి అంటు కడితే బతుకుతదా మేడమ్? ఓనరమ్మ రెండుసార్లు ఎవర్నో పిలిపించిందట, పట్టలేదట. మీరు కెనడాల ఉన్నరని ఇన్‌స్టాల చూసిన."

మనం పియర్ అంటున్నదాన్ని మా నాన్న బేరిపండు అనేవాడు. ఆయన జీవితంలో ఒక్క బేరిచెట్టునీ చూడలేదు. నేనూ అంతే. ఆ సంగతి ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను.

"బతుకుతుంది. ముందు పది లేత కొమ్మలకి ఆకులు దూసెయ్యి, తొడిమలతో సహా. వారం ఆగితే ఆకు మొదట్లో ఉండే కన్ను, అదే చిగురు మొగ్గ, ఉబ్బుతుంది. ఈలోగా నేనొస్తాను."

"ఓనరమ్మని అడగాల్నా?"

"ఆవిడ చెట్టు కోసమేగా. అడిగేదేముంది."

మామిడికి మేం చేసేది అదే. అంటు కట్టడానికి వారం ముందు ఆకులు తీసేస్తాం. ఎక్కడైనా చెట్టు చెట్టే కదా అనుకున్నాను.

వారం గడిచాక రమ నన్ను స్టేషన్‌లో దింపుతూ నా చేతిసంచీ తడిమి చూసింది. మా నాన్న అంటుకత్తి దొరికింది.

"అక్కా, దీన్ని ట్రైన్‌లో క్యారీ చేస్తావా? ఎవరైనా రిపోర్ట్ చేస్తే నా పరువు పోతుంది."

"నీ పరువు అంత సులువుగా పోయేదైతే దాన్ని ఉంచుకుని మాత్రం ఏం లాభం" అన్నాను. కత్తిని తువ్వాల్లో చుట్టి ఇచ్చింది కానీ, రైలు కదిలేదాకా అక్కడే నిలబడి ఉంది. పోలీసులొస్తారేమోనని అనుకుంటాను.

రైల్లో ఒక ప్రశ్న

పక్కసీటు పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. విండ్సర్ ఎందుకని అడిగాడు. చెట్టు చూడ్డానికన్నాను. "జనం జూదానికొస్తారు, లేకపోతే వంతెన దాటి అమెరికా పోవడానికొస్తారు. చెట్టుకోసం ఎవరూ రాలేదు" అన్నాడు. తన ఇంట్లో కూడా అలాంటి చెట్టు ఉండేదనీ, కారు నిలిపే జాగా కోసం తానే కొట్టించాననీ కాసేపయ్యాక చెప్పాడు. దిగేటప్పుడు నా సంచీ అందించి, "పళ్ళు గట్టివి. పచ్చడికి బాగుంటాయి" అన్నాడు. ఏ దేశంలోనైనా చెట్టు కొట్టేసిన మనిషికే దాని రుచి బాగా గుర్తుంటుంది.

నది ఒడ్డున పట్టీలు

మౌనిక స్టేషన్‌కొచ్చింది. కాఫీ దుకాణం యూనిఫాం మీదే ఉంది, చేతిలో మిగిలిపోయిన తీపి బన్ను. నది చూపిస్తానని తీసుకెళ్ళింది. ఎదురుగా డెట్రాయిట్ మేడలు. "అది ఉత్తరం మేడమ్" అంది. అమెరికా కెనడాకి దక్షిణాన ఉంటుందని మూడో తరగతి పిల్లాడు కూడా చెప్తాడని నేను. ఇక్కడ నది వంకర తిరిగిందని ఆ పిల్ల. సూర్యుణ్ణి చూపించి మరీ వాదించాను. సూర్యుడు ఆ పిల్ల పక్షానే ఉన్నాడు. నా మొదటి ఓటమి అది.

ఒడ్డునుంచి ఊళ్ళోకి నడుస్తుంటే వీధులు కొలబద్ద పెట్టి గీసినట్టు నదినుంచి లోపలికి పొడుగ్గా పోతున్నాయి. ప్రతి వీధీ ఒకప్పుడు ఒక పొలమట. పట్టీలా వెడల్పు కొంచెం, పొడవు మైళ్ళకొద్దీ. పొలం కొస నదిని తాకాలి. నీళ్ళు నదివే, రాకపోకలకి దారీ నదే. వీధుల పేర్లు ఆ రైతుల ఇంటిపేర్లే.

ఇది చూడగానే నాకు మా ఊరే గుర్తొచ్చింది. అన్నదమ్ములు చేను పంచుకుంటే అడ్డంగా కోయరు, నిలువుగానే కోస్తారు. ప్రతి వాటాకీ నీళ్ళ బోదె తగలాలి. నాలుగు తరాలయ్యేసరికి చేను కాస్తా తాడులా సన్నబడుతుంది. "ఫ్రెంచివాళ్ళైనా, కడియం వాళ్ళైనా పంపకం దగ్గర ఒక్కటే" అన్నాను.

"మాకు జగిత్యాలల బోరు మేడమ్. అందుకే మేం ఎట్లపడితే అట్ల కోసుకుంటం" అంది మౌనిక.

ఇంటికి పది అడుగుల దూరంలో ఆగింది.

"మేడమ్, ఒక మాట. ఓనరమ్మ రెండు రోజులసంది మాట్లాడ్తలేదు."

"ఎందుకు?"

"మీరే సూడుండ్రి."

బోడి కొమ్మలు

చెట్టు నేననుకున్న చెట్టు కాదు. బేరిచెట్టంటే జామచెట్టంత ఉంటుందనుకున్నాను. ఇది రెండంతస్తుల ఇంటిని దాటి పోయింది. మాను చుట్టూ ఇద్దరు చేతులు కలిపితే గాని అందదు. లోపల సగం డొల్ల. మిగిలిన సగం దర్జాగా కాస్తోంది. కింద రాలిన చిన్న చిన్న కాయలు, వాటిమీద కందిరీగలు. దాని పడమటివైపు కొమ్మలు పది, బోడిగా, ఈకలు పీకిన కోడిలా వేలాడుతున్నాయి. గోడకి నిచ్చెన ఆనించి ఉంది.

మెట్లమీద ఐరీన్ కూచుని ఉంది. పొడుగు మనిషి, పురుషుల చొక్కా, చేతివేళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి.

"ఆకులు దూయించిన ప్రొఫెసర్ నువ్వేనా?" అంది.

"నేనే."

"చెట్టుకి తెగులు తగిలిందని ఒక రోజంతా ఏడ్చాను. తర్వాత నిచ్చెన కనిపించింది."

క్షమించమని అడగాల్సింది. దానికి బదులు ఆకులు తీస్తే కన్ను ఎలా బలపడుతుందో పాఠం మొదలుపెట్టాను. ఆవిడ మొత్తం వింది. "మీ చెట్టు చలికాలంలో ఆకు రాలుస్తుందా?" అని అడిగింది.

"మామిడి రాల్చదు."

"ఇది రాలుస్తుంది. ఆగస్టులోనే అది వచ్చే వసంతం కోసం సర్దుకుంటుంది. నువ్వు దాన్ని తప్పు వేళకి లేపావు. మా నాన్న ఆకు కోసేవాడు, తొడిమ వదిలేవాడు."

"తొడిమ దేనికి? కుళ్ళడానికా?"

"తెలుసుకోవడానికి" అంది. "రెండు మూడు వారాలయ్యాక తొడిమని వేలితో ముట్టుకుంటావు. ముట్టగానే రాలిపోతే కన్ను పట్టినట్టు. ఎండి అంటిపెట్టుకుని ఉంటే చచ్చినట్టు. నువ్వు పీకేసిన తొడిమలతో నాకేం తెలుస్తుంది?"

ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను. క్లాసులో చెప్పాను కూడా. చేతికి మాత్రం మామిడి ఒక్కటే తెలుసు. ముప్పై ఏళ్ళ చదువుని చేయి ఒక్క ఫోన్ కాల్‌లో మింగేసింది.

మౌనిక నేల చూస్తూ మెల్లగా తెలుగులో అంది: "నేను అడగాల్నా అని అడిగిన మేడమ్."

"అడిగావు" అన్నాను. అప్పుడే ఒక కందిరీగ నా మడమ మీద కుట్టింది. ఐరీన్ లేచి లోపలికెళ్ళి ఉల్లిపాయ ముక్క తెచ్చి రుద్దింది. మా అమ్మా అదే చేసేది. రుద్దుతూ నవ్వింది. "చెట్టు నీకు జవాబు చెప్పింది" అంది.

బఠానీ చారు, నీటి ఎలుక, యానాం

రాత్రి భోజనం ఐరీన్ వంటింట్లోనే. పసుపు బఠానీలు మెత్తగా ఉడకబెట్టి చారు చేసింది. మామూలుగా అందులో పంది మాంసం వేస్తారట, నాకోసం వేయలేదు. ఉప్పూ మిరియాలూ తప్ప ఏమీ లేదు. తాలింపు మరిచిపోయిన పప్పు అది. మౌనిక మేడమీదికెళ్ళి ఆవకాయ తెచ్చి నా గిన్నెలో వేసింది, అడక్కుండా ఐరీన్ గిన్నెలోనూ వేసింది. ఐరీన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండోసారి వేయించుకుంది.

ఈస్టరుకి ముందు నలభై రోజుల ఉపవాసంలో ఈ నది ఒడ్డు ఫ్రెంచివాళ్ళు మాంసం ముట్టరట, కానీ నీటి ఎలుకని మాత్రం తినేవారట. నీళ్ళలో ఉంటుంది కాబట్టి చేపతో సమానమని. ఎప్పుడో కరువు రోజుల్లో చర్చి పెద్దలు ఒప్పుకున్నారని ఇంట్లో చెప్పుకునేవారట.

"ఎలుక చేపెలా అవుతుంది?" అన్నాను.

"ఆకలేస్తే అవుతుంది."

కార్తీకమాసంలో మాంసం మానేసి గుడ్డుకి మాత్రం మినహాయింపు ఇచ్చుకునే మా పెద్దాడపడుచు గుర్తొచ్చింది. వాదన మానేశాను.

ఆవిడ పూర్వీకుల్లో సగంమంది నది అవతల ఉండేవారట. అప్పుడు రెండు ఒడ్లూ ఒకే ఊరు. ఫ్రెంచివాళ్ళ నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి, తర్వాత అవతలి ఒడ్డు అమెరికా వాళ్ళ చేతికి. రైతులు కదల్లేదు, సరిహద్దు గీతే వచ్చి మధ్యలో పడింది. "మా అమ్మమ్మ చెల్లెలు పెళ్ళై అవతలికి వెళ్ళింది. పడవలో పావుగంట. ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి" అంది.

"మాకూ ఒక ఫ్రెంచి ఊరుంది" అన్నాను. ఆవిడ నమ్మలేదు. మా అమ్మమ్మ పెళ్ళి సంగతి చెప్పాను. ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో చిన్నపిల్లలకి పెళ్ళి చేస్తే నేరమని చట్టం వచ్చింది. గోదావరి పాయ పక్కనున్న ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. తొమ్మిదేళ్ళ మా అమ్మమ్మని, పెళ్ళివారినీ, మేళాన్నీ పడవెక్కించి యానాంలో దింపి, మూడు ముళ్ళూ వేయించి, మర్నాడు మళ్ళీ ఇంగ్లీషు రాజ్యానికి తెచ్చేశారు.

ఐరీన్ చెంచా కింద పెట్టింది. "తొమ్మిదేళ్ళా?"

"తొమ్మిది. ఫ్రెంచివాళ్ళు మాకిచ్చిన స్వేచ్ఛ అది."

"మా తాత కూడా చట్టం తప్పించుకోవడానికే నది దాటేవాడు. పెళ్ళికి కాదు, విస్కీకి. అవతల సారా నిషేధం. గడ్డకట్టిన నదిమీద కారు నడిపాడు. ఒక కారు ఇప్పటికీ అడుగునే ఉంది."

నా నోరు ఊరుకోదు. "చెట్టు ఫ్రెంచివాళ్ళదంటున్నారు. వాళ్ళు రాకముందు ఈ నేల ఎవరిది?" అని అడిగాను. మౌనిక టేబుల్ కింద నా కాలు తొక్కింది, కందిరీగ కుట్టిన కాలే.

ఐరీన్ కిటికీలోంచి చెట్టు వైపు చూసింది. "ఇక్కడ ఆదివాసుల మొక్కజొన్న చేలు ఉండేవి" అంది. "మా నాన్న చెట్టు కథ నాకు వందసార్లు చెప్పాడు. మొక్కజొన్న సంగతి ఒక్కసారీ చెప్పలేదు. నేను స్కూల్లో చదివి అడిగితే కోప్పడ్డాడు. ఇప్పుడు మమ్మల్ని తోసి పిల్లలకి గదులు కడుతున్నారు. నా వంతు అనుకున్నాను."

"మాలాంటోళ్ళ కోసమే కదా మేడమ్ కొట్టేస్తున్నది" అంది మౌనిక, నాతో. "నేను ఈ రూం కోసం నలభై ఇండ్లు తిరిగిన. ఈమె ఒక్కతే, పేరేంది, ఏం చదువుతున్నవ్ అని అడిగి ఇచ్చింది. ఒక్క మొక్కన్న బతికియ్యకపోతే నాకు మంచిగ అనిపియ్యది."

ఐరీన్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ వణికే చేత్తో మౌనిక చేతిమీద రెండుసార్లు తట్టింది. "అపార్ట్‌మెంటులో నాకు బాల్కనీ ఉంది. ఒక్క కుండీ పడుతుంది. ఒక్కటి చాలు" అంది.

ఆరు కుండీలు

పొద్దున్నే తోట సామాన్ల దుకాణంలో పెన్సిలంత కాడ ఉన్న మామూలు పియర్ మొక్కలు ఆరు కొన్నాం. సీజను అయిపోవచ్చింది కాబట్టి సగం ధర, అయినా ఒక్కోటి పదిహేను డాలర్లు. ఆ డబ్బుకి కడియంలో ఆటో నింపి పంపుతారు.

పెరట్లో ఒప్పందం కుదిరింది. మూడు మొక్కలకి నా పద్ధతి, మూడింటికి ఐరీన్ వాళ్ళ నాన్న పద్ధతి. నేను బోడి కొమ్మలనుంచి కన్నులు తీసుకున్నాను. కత్తి భలే పనిచేసింది. మా నాన్న చేతిలో అరిగి సన్నబడ్డ కత్తి అది, బెరడులోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. మొక్క బెరడు మీద కోత పెట్టి, అంచులు ఎత్తి, కన్ను జారవిడిచి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగి ముడేశాను. మామిడికి చేసినట్టే, ఐస్‌ఫ్రూట్ కవరు తొడిగినట్టు. మూడూ పావుగంటలో అయిపోయాయి. నాలో మా నాన్న కూచున్నాడనిపించింది.

తర్వాత ఐరీన్ వంతు. కత్తి పట్టుకుంది, చేయి ఆగలేదు. రెండోసారి ప్రయత్నించింది. కత్తి మౌనికకి ఇచ్చింది.

"నాకొద్దు" అంది మౌనిక. "మేడమ్ ముందల అస్సలొద్దు."

"నేను అటు తిరిగి కూచుంటాను" అన్నాను.

అటు తిరిగి కూచోవడం నా వల్ల అయ్యే పని కాదు. ఆ పిల్ల పెడుతున్న ఒక్కో కోతా నాకు కనిపిస్తూనే ఉంది. ఆకులున్న కొమ్మే తీసుకుంది. ఆకు కత్తిరించి తొడిమ వదిలింది. ఐరీన్ పక్కన నిలబడి చెబుతోంది: "లోతు వద్దు. బెరడు వరకే. తొడిమ పట్టుకుని దింపు, కన్నుని వేలితో ముట్టకు." నా పావుగంట పనికి మౌనికకి గంటన్నర పట్టింది. ఒకచోట కోత వంకర పోయింది. నేను "అబ్బా" అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను చూశారు. ఆ తర్వాత మూతి ముడుచుకుని కూచున్నాను.

కట్టడానికి ఐరీన్ రబ్బరుబ్యాండ్లు తెచ్చింది, దినపత్రిక చుట్టి వచ్చేవి, ఏళ్ళ తరబడి డబ్బాలో దాచినవి. ప్లాస్టిక్ గొట్టం అక్కర్లేదంది. చూడ్డానికి చిన్నపిల్లలు కట్టుకట్టిన బొమ్మల్లా ఉన్నాయి.

రైలెక్కేటప్పుడు మౌనిక అడిగింది: "మేడమ్, నిజం చెప్పుండ్రి. ఎన్ని మార్కులు?"

"ముందు పట్టనీ" అన్నాను.

కత్తి మాత్రం ఆ పిల్ల దగ్గరే వదిలాను. రమకి భయం తప్పించడానికని చెప్పాను.

తిరిగొచ్చాక

సెప్టెంబరులో, నేను హైదరాబాదు చేరిన వారానికి, మౌనిక వీడియోకాల్ చేసింది. ముందు నా మూడు కుండీలు చూపించింది. ప్లాస్టిక్ గొట్టంలో చెమట పట్టి మూడు కన్నులూ నల్లబడ్డాయి. దేన్నీ దాచలేదు ఆ పిల్ల, కెమెరా దగ్గరికి పెట్టి మరీ చూపించింది.

తర్వాత తన కుండీలు. ఫోను ఐరీన్ పట్టుకుంది కాబట్టి బొమ్మ వణుకుతోంది. మౌనిక వేలు మొదటి తొడిమని ముట్టింది. అది కదల్లేదు, ఎండి బిగుసుకుంది. రెండోదాన్ని ముట్టింది. రాలిపోయింది. మూడోదీ రాలింది, వంకర కోతది.

ఐరీన్ ఫ్రెంచిలో ఏదో అంది, మౌనికకీ అర్థం కాలేదు, నాకూ కాలేదు.

"మేడమ్, ఇప్పుడన్న మార్కులు?"

"వసంతంలో చిగురు రానీ, చూద్దాం" అన్నాను. ఫోను పెట్టేశాక వెళ్ళి మా నాన్న ఫోటో ముందు కాసేపు నిలబడ్డాను. ఆయన ఉంటే నా మూడు కుండీలూ చూసి ఏమనేవాడో నాకు తెలుసు.

అక్టోబరులో చెట్టు కొట్టేశారు. ఆ రోజు మౌనిక కాఫీ దుకాణానికి సెలవు పెట్టి ఐరీన్‌తో పాటు వీధి చివర నిలబడిందట. ఆ వార్త రెండే వాక్యాల్లో చెప్పింది. ఒక కుండీ ఐరీన్ బాల్కనీకి వెళ్ళింది. రెండోది మౌనిక కొత్త అద్దింటి కంచె పక్కన, ఓనరుని ఈసారి ముందే అడిగి పెట్టింది.

మే నెలలో రెండింటిలోనూ చిగురొచ్చింది. పదికి తొమ్మిది వేశాను. వంకర కోతకి ఒకటి తగ్గించాను. జవాబుగా మౌనిక ఫోనులో ఒక నవ్వు బొమ్మ పంపింది.

జులైలో ఐరీన్ మౌనికతో చెప్పి పంపిన మాట ఇది: "ప్రొఫెసర్‌కి చెప్పు. చెట్టు ఇప్పుడు నా మోకాలంత ఉంది. ఆకులు దూయాలనిపిస్తే వచ్చి దూయమను, నిచ్చెన అక్కర్లేదు."